వెనక్కి రాని దారి

ఒకప్పుడు ల్యాబులో అందరూ ఆవిణ్ని వదినా అనే పిలిచేవారు. ఆ పిలుపు మొదలుపెట్టింది అక్కడే పనిచేసే ఆవిడ ఆడపడుచు. వదినా ఆడపడుచులు ఒకచోట ఇమడరంటారు గానీ, వీళ్లిద్దరూ మూడేళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేశారు. పొద్దంతా కీచులాడుకుంటూనే, ఒకరు లేకుండా ఒకరు టీ కూడా తాగేవారు కాదు. ఆరు నెలల క్రితం ఆడపడుచు జ్వరంతో పోయింది. అప్పట్నుంచీ ఆ పిలుపు వాడడానికి జంకి అందరూ మేడమ్ అంటున్నారు.

ఆ రోజు సెలవు. పైన ఎవరు నడిచినా, లిఫ్టు కదిలినా కొలత చెడిపోతుంది గనక వదిన ఆ మధ్యాహ్నమే ఎంచుకుని నేలమాళిగలోకి దిగింది. బల్ల మీద ఆడపడుచు చేసిన ఆఖరి చిప్పు ఉంది. బియ్యపు గింజంత ముక్క. దాన్నిండా వెంట్రుకలో వెయ్యోవంతు చిల్లులు పొడిచి, చెవికి అందనంత సన్నటి శబ్దానికి దారి వేసింది ఆ పిల్ల. ఎన్ని మలుపులున్నా శబ్దం ముందుకే పోవాలి.

"నా దారిలో పోయింది వెనక్కి రాదు వదినా," అని మురిసిపోయేది.

రేపు ఆ బల్ల తీసేస్తున్నారు. ఇవాళ అది రుజువైతే మూడేళ్ల కష్టం ఆ పిల్ల పేరున నిలుస్తుంది. ఏమాత్రం వెనక్కొచ్చినా అంతా బూడిదలో పోసిన పన్నీరే.

వదిన దీపాలార్పి, వెనక్కొచ్చే శబ్దాన్ని పసిగట్టి తెర మీద గీతగా చూపే లేజరు వేసింది. తెర మీది ఆకుపచ్చ గీత వెలుగు ఆవిడ వేళ్ల దాకానే వస్తోంది. చీకట్లో ఎవరి చెయ్యీ లేజరుకి అడ్డం పడకుండా వాళ్లకో అలవాటుండేది. ఒకరు గోటితో బల్ల మీద టక్కుమనిపిస్తే, రెండోవాళ్లు అవతలి కొస నుంచి టక్కుమనిపించాలి. ఇక్కడే ఉన్నానని గుర్తు.

చిప్పులోకి శబ్దం పంపింది. గీత చదునుగా ఉంది. ఏమీ వెనక్కి రాలేదు.

నెగ్గావే పిల్లా, అనుకుంది. చెప్పుకోడానికి పక్కన మనిషి లేక ఏడుపొచ్చింది. చెయ్యి ఊరుకోక గోటితో బల్ల మీద కొట్టింది.

టక్.

తొమ్మిది సెకన్లకి గీత మీద చిన్న బొడిపె లేచింది.

వెనక్కొచ్చింది... కానీ ఆ ముక్కని దాటడానికి శబ్దానికి రెప్పపాటు కూడా పట్టదు. తొమ్మిది సెకన్లంటే ఎంత దూరం నుంచి వచ్చినట్టు?

మళ్లీ పంపింది. ఆరు సెకన్లు.

మళ్లీ. మూడు.

దగ్గరికొస్తోంది...

శబ్దం పంపే పెట్టె ఆపేసింది. దాని తీగ కూడా పీకేసింది. అయినా బొడిపె లేచింది. ఎక్కణ్నుంచో నిమ్మవాసన... ఆడపడుచు చేతులకి రాసుకునే క్రీము.

"నువ్వేనా?" అంది, పెదవి కదిపీ కదపకుండా.

బల్ల అవతలి కొస నుంచి... టక్.

వదినకి లేచి పారిపోవాలనిపించింది. కానీ ఆరు నెలలుగా ఆ చప్పుడు కోసమే మొహం వాచి ఉంది. కష్టం పోతే పోనీ, పిల్ల వచ్చింది, అంతే చాలనుకుంది. జవాబివ్వడానికి వేలెత్తింది.

వేలింకా గాల్లోనే ఉంది.

టక్.

ఆవిడ మోచేతి పక్కనే.

అవతలి కొస చీకట్లోంచి ఆడపడుచు గుసగుస...

"వదినా... నీ పక్కన ఎవరు?"