తొలి క్షణం మీద పేచీ

ఆమె చివరి స్లైడ్ వేసి, రిమోట్ బల్ల మీద పెట్టింది. ఇక చప్పట్లే తరువాయి అనుకుంటుండగా వెనక వరసలో ఓ చెయ్యి లేచింది.

"మీ సుడులు బాగున్నాయండి. అవి దుమ్ము కాదని ఎలా చెప్తున్నారు?"

సెమినార్ హాలంతా వెనక్కి తిరిగి చూసింది. కళ్ళజోడు పెట్టుకున్న కొత్త మనిషి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, బస్సు ఎప్పుడొస్తుందని అడిగినంత మామూలుగా అడిగాడు.

అది మామూలు ప్రశ్న కాదు. విశ్వం పుట్టిన తొలి క్షణంలో, రెప్పపాటులో కోటానుకోట్లవ వంతు కాలంలో, ఊహకందనంతగా ఉబ్బిపోయిందని ఒక సిద్ధాంతం. దాని పేరే ఇన్‌ఫ్లేషన్. అంత వేగంగా ఉబ్బితే అంతరిక్షంలోనే అలలు లేచి ఉండాలి. ఆ అలల జాడ, ఆకాశమంతా పరుచుకున్న అతి పురాతనమైన వెలుగులో సన్నటి సుడుల్లా మిగిలి ఉండాలి. ఆ సుడులు దొరికాయని ఆమె ఇప్పుడే చెప్పింది. అయితే మన పాలపుంతలోని దుమ్ము కూడా అచ్చం అలాంటి సుడులనే చూపించగలదు. అదీ చిక్కు.

"దుమ్ము సంగతి మాకూ తెలుసండి," అందామె. "అందుకే ఆకాశంలో అన్నిటికంటే శుభ్రమైన మూలని ఏరుకుని మరీ చూశాం."

"శుభ్రమైనదని ఎవరు చెప్పారు?"

"కాదని చెప్పినవాళ్ళు ఇప్పటిదాకా లేరు."

హాలు గొల్లుమంది. అతనూ నవ్వి కూర్చున్నాడు. గెలిచింది తనే అయినా, అతని నవ్వు మాత్రం ఆమెకి సాయంత్రం దాకా ఒళ్ళు మండించింది.

అతను పై అంతస్తులో, పాలపుంత దుమ్ముకి మ్యాపులు గీసే గ్రూపులో కొత్తగా చేరాడట. రెండ్రోజుల్లో అందరికీ దుమ్ముబాబు అయిపోయాడు. ఆ పేరు పెట్టింది ఆమే. అతను కోప్పడకపోగా తన గది తలుపు మీద ఆ పేరే రాసి అంటించుకోవడం చూసి, ఆమెకి నవ్వాగలేదు.

తర్వాత టీ మిషన్ దగ్గర పలకరింపులు మొదలయ్యాయి. ఒకరోజు ఆఫీసు వదిలేవేళకి వాన పట్టుకుంది. గొడుగు అతని దగ్గర మాత్రమే ఉంది. బస్‌స్టాప్ దాకా ఇద్దరూ ఒకే గొడుగు కింద తగువులాడుకుంటూ నడిచారు. ఆకాశంలో ఈ కొసా ఆ కొసా ఒకే వేడితో ఎందుకున్నాయో ఇన్‌ఫ్లేషన్ లేకుండా చెప్పమని ఆమె నిలదీసింది. సిద్ధాంతంతో తనకి గొడవేం లేదనీ, సాక్ష్యం దగ్గరే పేచీ అనీ అతను నచ్చజెప్పాడు. చెప్తూ చెప్తూ గొడుగంతా ఆమె వైపే వంచేశాడు. బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఇద్దరూ చూడలేదు.

ఈలోగా ఆమె గైడ్ మేడమ్ పత్రికల వాళ్ళని పిలిచి ఫలితం ప్రకటించడానికి శుక్రవారం ఖాయం చేశారు. జుట్టు నెరిసేదాకా ఆవిడ చేసిన పని అది.

మంగళవారం మధ్యాహ్నం అతను లాప్‌టాప్ పట్టుకుని ఆమె గదికి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా కొత్త మ్యాపు వచ్చింది. మీ మూల శుభ్రంగా లేదండి."

"ఇన్నాళ్ళూ స్నేహం చేసింది ఇందుకేనా?" అంది.

"కాదు. కానీ స్నేహం ఉంది కదా అని దాచలేను."

"ఫైలు పంపించి వెళ్ళండి."

అతని తప్పు పట్టుకోవాలనే పంతంతోనే మొదలుపెట్టింది. తన లెక్కలోంచి అతని దుమ్ముని తీసేసింది. గ్రాఫులో ముచ్చటగా లేచిన గీత కాస్తా నేలకి అంటుకుపోయింది. ఇంకో పద్ధతిలో చేసింది. అదే కథ. నోరు మూసుకుంటే శుక్రవారం దాటిపోతుంది కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచన తనదంటే తనకే నచ్చలేదు. కాగితాలు ప్రింటు తీసుకుని మేడమ్ గదికి నడిచింది.

మేడమ్ గ్రాఫు చూశారు. చాలాసేపు చూశారు.

"ఈ మ్యాపు ఇచ్చిందెవరు?"

ఆమె చెప్పింది.

"వాళ్ళు మనల్ని శుక్రవారం మాట్లాడనిచ్చి, ఆ తర్వాత మనది తప్పని పేపర్ వేసుకుంటే వాళ్ళకే పేరు. మరి ముందే వచ్చి నీకెందుకు చెప్పాడు?"

తెలీదని చెప్పబోయింది. నోరు తెరిచేసరికి తెలిసిపోయింది. చెవులు వేడెక్కాయి.

ప్రకటన ఆగింది. సంగతి టీముకి చెప్పే పని ఆమే మీదేసుకుంది. సుడులున్న మాట నిజమేననీ, వాటిలో తొలి క్షణం వాటా ఎంతో ఇప్పుడే చెప్పలేమనీ, చెప్పగలిగిన రోజున ధీమాగా చెప్దామనీ తొణక్కుండా చెప్పింది.

ఆ తర్వాత అతను టీ మిషన్ ఛాయలకే రాలేదు. చూసి చూసి ఆమే మెట్లెక్కి వెళ్ళింది.

"కనబడటం లేదేంటి?"

"నా మొహం చూడాలనిపించదేమో అని..."

"పోయింది నా సిగ్నల్. ఇన్‌ఫ్లేషన్ ఎక్కడికీ పోలేదు. ఆ అలలు ఇంకా సన్నగా ఉంటాయేమో, రెండు గ్రూపులూ కలిసి వెతకాలని మేడమ్‌ని ఒప్పించాను. మీ బాస్‌ని ఒప్పించడం మీ వంతు."

"ఒప్పిస్తాను."

"ఇంకోటి. ముందు నాకే ఎందుకు చెప్పారని మేడమ్ అడిగారు."

అతను పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "లోకమంతా మీ తప్పు గురించి చెప్పుకుంటుంటే వినలేను కాబట్టి."

"అంతేనా?"

"అంతే కాదు."

"మిగతాది కూడా చెప్పేయండి. ఆధారాలు అడగను."

దుమ్ము గురించి గంటలకొద్దీ గడగడా మాట్లాడేవాడు, ఆ ఒక్కమాట చెప్పడానికి నానా తంటాలూ పడ్డాడు. ఆమె తొందరపెట్టకుండా ఆసాంతం విని, "నువ్వు ఇంత నాన్చితే మా నాన్న దగ్గర ఎలా నెగ్గుకొస్తావ్?" అంది.

"'నువ్వు' అన్నారు."

"అన్నాను. నువ్వూ అను."

ఆమె నాన్నది వీధి మలుపులో కళ్ళజోళ్ళ షాపు. వెనకే ఇల్లు. ఆదివారం ఆమె అతన్ని తీసుకెళ్ళేసరికి, ఆయన అద్దం అంచు అరగదీస్తున్నాడు. కుర్చీ చూపించి, కుశలమైనా అడక్కుండా చెయ్యి చాచాడు. "ఆ కళ్ళజోడు ఇటివ్వు బాబూ. స్క్రూ వదులైంది."

అతను ఇచ్చేశాడు. ఇక ఎదుటి మనిషి నవ్వుతున్నాడో కోపంగా ఉన్నాడో అతనికి కనబడే వీల్లేదు. నాన్న కావాలనే అలా చేశాడని ఆమెకి మాత్రం తెలుసు.

"మా అమ్మాయి లెక్క తప్పని చెప్పింది నువ్వేనా?"

"నేనేనండి."

"మళ్ళీ తప్పు చేస్తే?"

"మళ్ళీ చెప్తానండి."

"తప్పు నీదైతే?"

"నాకంటే ముందే తను పట్టేసుకుంటుందండి."

ఆయన స్క్రూ బిగించి, జోడుని తనే అతని చెవుల మీద సర్ది, కాస్త వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లోకి వినబడేలా గొంతు పెంచాడు.

"ఏమోయ్, అల్లుడుగారొచ్చారు. టీ పెట్టు."