‘పాత బట్టలు’ అని రాసిన పార్సెల్

బస్సు డ్రైవరు పొద్దున్నే డ్యూటీకి బయలుదేరి చెప్పుల్లో కాళ్లు పెడుతుండగా పార్సెల్ వచ్చింది. అక్క పంపినదే. దానికోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూశాడు. తీరా చూస్తే పైన అక్క గుండ్రటి అక్షరాలతో ‘పాత బట్టలు’ అని ఉంది. విప్పితే నిజంగానే పాత బట్ట. చనిపోయిన నాన్న కోటు, మోచేతుల దగ్గర మాసికలతో సహా.

అతను ఎదురుచూసింది నాణేల కోసం. నాన్న రైల్వే స్టేషన్లో టికెట్లు ఇచ్చే గుమాస్తా. ఏ కాలం నాటిదో చెల్లని నాణెం కౌంటరులోకి వచ్చి పడితే, బదులుగా తన జేబులోంచి డబ్బు వేసి దాన్ని ఇంటికి తెచ్చుకునేవాడు. సెలవు రోజుల్లో వాటిని మంచం మీద పరిచి తుడవడం కొడుకు పని. ఇవి వీడివేనని పోయేముందు నాన్న అందరి ముందూ చెప్పాడు. అయినా అవి అక్క ఇంట్లోనే ఉండిపోయాయి.

పోయినసారి ఆమె ఒక వెండి నాణెం కవర్లో పెట్టి పంపింది. కవరైతే వచ్చింది గానీ, దాని అంచు బ్లేడుతో కోసి ఉంది, లోపల ఏమీ లేదు. అప్పుడు అతను ఫోన్లో ఒకే ఒక్క మాట అడిగాడు.

"నిజంగానే పెట్టావా అక్కా?"

ఆ తర్వాత ఇద్దరి మధ్యా పలకరింపులు ముక్తసరి అయిపోయాయి.

ఇప్పుడీ కోటు. నాణేలు నొక్కేసి మొహాన గుడ్డలు కొట్టిందని డ్రైవరు మండిపడ్డాడు. ఇంత బరువుగా ఉందేమిటి, ఒకసారి సరిగ్గా చూడమని భార్య నచ్చజెప్పబోతే, పాత కోట్లు బరువుగానే ఉంటాయని కసిరాడు. వీధి మలుపులో, దానమివ్వదలచినవాళ్లు పాత బట్టలు వేసే ఇనుప పెట్టె ఉంది. డ్యూటీకి పోతూ పోతూ కోటును అందులో పడేశాడు. దాంతో కోపం తీరలేదు సరికదా, ఆ రోజంతా ప్రయాణికుల మీద విసుక్కుంటూనే ఉన్నాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. ఆమె దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకున్నట్టు ఎప్పుడూ పొదుపుగానే మాట్లాడుతుంది. కోటు అందిందా అని అడిగింది. అంతే, అతను కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. నాన్న మాటకు నీళ్లు వదిలేశావన్నాడు, తోడబుట్టినవాడికి చెత్త పంపుతావా అన్నాడు. ఆమె అడ్డు రాలేదు. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మాత్రం నెమ్మదిగా అడిగింది.

"వేసుకోలేదా చిన్నోడా?"

"ఏం వేసుకోవాలి?"

"నాణేలన్నీ దాని అంచులోనే కుట్టానురా. ఒక్కోదాన్ని గుడ్డలో చుట్టి, చప్పుడు కాకుండా. పాత బట్టలంటే దొంగ కూడా ముట్టుకోడని పైన అలా రాశాను. ఫోన్లో చెబితే ఎవరి చెవిన పడుతుందోనని చెప్పలేదు. నాన్న కోటు కదా, ఒక్కసారైనా భుజాన వేసుకుంటావనుకున్నా. వేసుకుంటే నీకే తెలిసిపోయేది."

దారిలో చేయి వేసే ప్రతి దొంగనూ అక్క ముందే ఊహించింది. తమ్ముడికి నాన్న కోటు వేసుకోవాలనిపించదన్న సంగతి ఒక్కటే ఆమెకు తట్టలేదు. అతనికి తల కొట్టేసినట్టయింది.

భార్యను వెంటబెట్టుకుని పరుగెత్తాడు. పెట్టె ఖాళీ. బట్టలు పోగుచేసే గోడౌనుకు వెళితే, మూటలు కట్టి లారీకెక్కించేశామని, ఎటు పోయాయో తమకు తెలియదని అక్కడివాళ్లు చెప్పారు. గుమ్మం బయటే కూలబడి అక్కకు ఫోన్ చేశాడు.

"పోయిందక్కా. నేనే పారేశాను."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"పోతే పోయాయిలేరా. నాణేలే కదా. నాన్న ఏమీ అనుకోడు."

"నాణేలు కాదక్కా," అన్నాడు వెక్కుతూ. "కోటు. నాన్న కోటు పారేశాను."

తమ్ముడు అనుమానించినప్పుడు కూడా కంటతడి పెట్టని మనిషి, ఆ మాటకు బావురుమంది. నాన్న పోయినరోజు వచ్చేపోయేవాళ్లను చూసుకోవడంతోనే సరిపోయింది ఇద్దరికీ. ఇప్పుడు చెరో ఊళ్లో కూర్చుని, ఫోన్లు చెవులకు ఆనించుకుని, నాన్న కోసం కలిసి ఏడ్చారు.