అమ్మ మోకాలికి దారి

పొద్దున్నే ఆ ఇంట్లో రోజూ ఉండే రభస మొదలైంది.

"నాన్నా, ఇవాళైనా తిన్నగా వెళ్ళండి. క్లినిక్‌కి పది నిమిషాల దారైతే రింగురోడ్డు మీదుగా ఊరంతా తిప్పుతారేంటి అమ్మని?" ఆఫీసుకి బయల్దేరుతూ విసుక్కుంది కూతురు.

"ఊరి నడిబొడ్డులోకి కారు తీసుకెళ్తే రుసుం కట్టాలన్నది నువ్వేగా! చస్తే కట్టను."

ఆయన డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. ఆమేమో నగర ప్రణాళిక ఇంజనీరు. రద్దీ, పొగ తగ్గాలని, జనం బస్సులెక్కాలని కార్ల మీద ఆ రుసుం వేయించిన బృందంలో ఉంది. ఇద్దరూ మొండిఘటాలే. చుట్టూ తిరిగితే పెట్రోలుకే ఎక్కువవుతుందని ఆయనకీ తెలుసు, అయినా పంతం. మధ్యలో నలిగేది మోకాలి ఆపరేషనైన ఇల్లాలు. వ్యాయామం చేయించే క్లినిక్‌కి చేరేలోపే ఆవిడ కాలు కొయ్యబారిపోతుంది.

ఆ రోజు సిగ్నల్ దగ్గర కారాగగానే ఆవిడ తలుపు తీసుకుని దిగిపోయింది.

"మీరు తిరుగుతూ ఉండండి. నేను బస్సులో పోతా."

ఆయన కారుని క్లినిక్‌కి పరిగెత్తించాడు. ఆవిడ రాలేదన్నారు. కంగారుపడి కూతురికి ఫోన్ చేశాడు. ఇద్దరూ ఇంటికొచ్చి, తప్పు నీదంటే నీదని అరుచుకుంటుండగా ఆవిడ కుంటుకుంటూ లోపలికొచ్చింది.

"బస్సు మెట్టు ఇంతెత్తుంది. కూర్చోకముందే డ్రైవరు బండి కదిలించేశాడు. ఎవరో అమ్మాయి పట్టుకోబట్టి పడలేదు. తర్వాతి స్టాపులో దిగి నడిచొచ్చా. ఇక క్లినిక్కూ వద్దు, ఏమీ వద్దు. ఈ కుంటికాలితోనే ఉంటా."

"చూశావా నీ బస్సు!"

"చూశారా మీ పంతం!"

"నోరు ముయ్యండి ఇద్దరూ!" ఆవిడ గొంతు అంత పెద్దదని ఇద్దరికీ అప్పుడే తెలిసింది. "నెల్లాళ్ళుగా నా మోకాలి పేరు చెప్పి కొట్టుకు చస్తున్నారు. నొప్పెలా ఉందని ఒక్కరైనా అడిగారా?"

కూతురు నేలమీద కూర్చుని మోకాలు తడిమింది. వాచి, వేడిగా ఉంది. ఆమెకి దుఃఖం ఆగలేదు.

"తక్కువ ఎత్తు మెట్ల బస్సులొచ్చాకే రుసుం పెడదామని మా బృందంలో మిగతావాళ్ళు అన్నారమ్మా. ఆలస్యమవుతుందని నేనే వద్దన్నా. రేపే ఆఫీసుకెళ్ళి తప్పు నాదని చెప్తా."

"అవి వచ్చేదాకా తిన్నగానే తీసుకెళ్తా. రుసుం కడతా," అన్నాడు తండ్రి, తలెత్తకుండా.

కాసేపటికి ఆయనే భార్య పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు.

"బాగా నొప్పిగా ఉందా?"

అంతవరకూ చుక్క కన్నీరు పెట్టని మనిషి, తలూపి వెక్కి వెక్కి ఏడ్చింది.