బ్రిడ్జిలు కట్టేవాడికి బయాలజీ ఎందుకు?

"వదులు! ఆ పుస్తకం నాది."

"లైబ్రరీది," అన్నాను.

బయాలజీ మోడల్ పేపర్ల పుస్తకం ఉన్నది ఒక్కటే. ఒక చివర ఆమె, రెండో చివర నేను. కనబడ్డవాళ్ళందరి నాడి పట్టుకుని చూస్తుంది కాబట్టి క్లాసంతా ఆమెను డాక్టరమ్మ అంటారు. కళ్ళద్దాల పుణ్యమా అని నేను సోడాబుడ్డిని.

"బ్రిడ్జిలు కడతానని అందరికీ చాటావుగా సోడాబుడ్డీ! నీకు బయాలజీ ఎందుకు?"

నేను పుస్తకం ఇంకా గట్టిగా లాగాను. యూనివర్సిటీ సీటుకి క్లాసు మార్కులొక్కటే చాలవు, రెండు సబ్జెక్టు పరీక్షల స్కోర్లు కూడా పంపాలి. మెడిసిన్‌కి కెమిస్ట్రీ, బయాలజీ. ఇంజనీరింగ్‌కి లెక్కలు, ఫిజిక్స్. ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో హాలు ఉంటుందనుకున్నాను. అందుకే ఆమె ఉండే హాల్లో కూర్చోవాలని, ఫారంలో ఫిజిక్స్ తీసేసి బయాలజీ పెట్టిన మహానుభావుణ్ణి నేనే.

నా చంకలోని పుస్తకాల మధ్యలోంచి నా ఫారం కాపీ జారిపడింది. ఆమె తీసి చదివింది.

"నీకు మతి పోయిందా? ఫిజిక్స్ స్కోరు లేకపోతే ఇంజనీరింగ్ వాళ్ళు నీ అప్లికేషన్ తెరిచి కూడా చూడరు! మార్పులకి ఇవాళే ఆఖరు. ఐదింటికి కౌంటర్ మూసేస్తారు!"

గోడ గడియారంలో నాలుగూ నలభై. బయట కుండపోత.

ఒక్క గొడుగు కింద ఇద్దరం పరుగు. గొడుగు ఆమెకి, వాన నాకు. అయినా అంత సంతోషంగా నేనెప్పుడూ తడవలేదు.

పరీక్షల ఆఫీసులో క్లర్కుగారు అప్పుడే సొరుగుకి తాళం వేస్తున్నారు.

"ఆంటీ, ఒక్క నిమిషం! బయాలజీ తీసేసి ఫిజిక్స్ పెట్టాలి."

"అసలు బయాలజీ ఎందుకు పెట్టావు బాబూ?"

ఇంక దాచి లాభం లేదు. "ఈ అమ్మాయి ఉండే హాల్లో కూర్చుందామని."

పక్కన గొడుగు కిందపడింది.

"ఓరి నాయనా! ఏ సబ్జెక్టైనా హాలు ఒకటే. కూర్చున్నాక ఎవరి పేపరు వాళ్ళకిస్తాం. మీ ఇద్దరి ఫారాలూ నా చేతికి ఒకదాని వెనకొకటి వచ్చాయి, నీ సీటు ఆమె వెనకే."

స్టాంపు పైకి లేచింది.

"ఆగండాంటీ!" డాక్టరమ్మ కంగారుగా అడ్డుపడింది. "సబ్జెక్టు మారిస్తే... సీటు కూడా మారిపోతుందా?"

క్లర్కుగారు ఆమె వంక చూశారు, నా వంక చూశారు. "మారదులేమ్మా," అని నవ్వుతూ ధన్‌మని స్టాంపు వేశారు. నాలుగూ యాభై ఎనిమిది!

"అయితే నేనంటే నీకు..." అన్నాను.

సమాధానంగా తన చెయ్యి చాపింది. అందరి నాడి చూసే పిల్ల ఎవరికీ ఇవ్వని చెయ్యి. "నువ్వే చూసుకో."

పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్ఫై దాకా వచ్చి మర్చిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ మర్చిపోయాను.

"బాబూ," అన్నారు క్లర్కుగారు, తాళం వేస్తూ. "నీకు లెక్కల పరీక్ష కూడా ఉంది. గుర్తుందా?"