లెవెల్ పైపుకి అటు చివర

"నువ్వు కదలకు. నీళ్ళు నిలబడనీ," అని గోడ అవతలికి అరిచాను.

"మొదటి రోజే నువ్వా? మీరు అనండి," అని అటునుంచి జవాబొచ్చింది.

అదీ ప్రిస్కిల్లాతో నా పరిచయం. తార్నాకలో కడుతున్న అపార్ట్‌మెంట్‌కి మా క్యాంపస్ సివిల్ బ్రాంచ్ నుంచి ఇద్దరం ఇంటర్న్‌లుగా వచ్చాం. ఆమెది వేరే సెక్షన్. సైట్ ఇంజినీర్ శశిభూషణ్ సార్ నీళ్ళు నింపిన లెవెల్ పైపొకటి ఇచ్చి, గోడకి ఇటు నన్నూ అటు ఆమెనీ నిలబెట్టారు. రెండు చివర్లలో నీళ్ళు ఎక్కడ నిలిస్తే అక్కడ గీత పెట్టాలి. ఒకరి చెయ్యి వణికినా రెండోవాళ్ళ వైపు నీళ్ళు ఊగుతాయి.

"మా దిక్కు అందర్నీ నువ్వే అంటరు."

"మా గుంటూరులో అనరండి."

ఇంటర్న్‌షిప్ అయ్యాక ఇంటర్వ్యూలో నెగ్గితే అక్కడే ఉద్యోగం. నాకేమో ఎదురుగా మనిషి కనబడితే నోరు పెగలదు. జాలిపడి, క్యాంపస్ క్యాంటీన్‌లో ఆమే నాకు మాక్ ఇంటర్వ్యూలు పెట్టింది.

"సాకేత్ గారూ, టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్."

"మాది మౌలాలి."

"తర్వాత?"

ఆ కళ్ళలోకి చూశాక తర్వాత ఏం గుర్తుంటుంది? "మౌలాలి..."

"ఇలాగైతే ఉద్యోగం మౌలాలికి ఇస్తారు, మీకు కాదు."

చివరి రోజు వచ్చింది. ఇంటర్వ్యూకి పిలిచేదాకా ఆఖరి గోడకి లెవెల్ చూడమన్నారు సార్. బయట సన్నగా వాన. ఇవాళ చెప్పకపోతే రేపట్నుంచి ఆమె ఎక్కడో, నేనెక్కడో. తలుచుకుంటేనే దిగులేసింది.

"ప్రాక్టీస్ చేద్దామా? టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్," అంది గోడ అవతల నుంచి.

"మాది మౌలాలి. సివిల్ ఫైనలియర్. గోడ అడ్డమున్నదంటే మస్తు మాట్లాడ్త. పైపుకి అటు చివర పట్టుకున్న పిల్లంటే నాకు ప్రాణం. నౌకరీ వచ్చినా రాకున్నా గదే మాట."

పైపులో నీళ్ళు ఎగిరి నా చొక్కా మీద పడ్డాయి.

"కదిలినవా?"

"లేదండీ."

"మరి నీళ్ళేంది గిట్ల ఊగుతున్నయి?"

అంతలో సైట్ ఆఫీసు లోపల్నుంచి సార్ నా పేరు పిలిచారు. ప్రిస్కిల్లా గోడ పక్కనుంచి తొంగిచూసి, నవ్వు ఆపుకుంటూ అంది: "ఇదే ధైర్యంతో లోపల మాట్లాడండి. నా జవాబు తర్వాత."

ఆ మాటతో లోపల ఏమడిగినా గడగడా చెప్పేశాను. తిరిగొచ్చేసరికి ఆమె పైపు చివర పట్టుకుని అక్కడే ఉంది.

"నౌకరీ వచ్చింది. నీ జవాబు?"

తలొంచుకుంది. "నువ్వంటే నాకూ ఇష్టమే."

"నువ్వా? మీరు అనండి," అన్నాను.

పైపులో నీళ్ళన్నీ నా మొహాన కొట్టింది.