పైగదిలో ఇరవయ్యో నిమిషం

మా అక్కా బావా అద్దెకు దిగిన ఇంటి పైగదికి మంచిపేరు లేదు.

అద్దెకిచ్చేటప్పుడే ఇంటావిడ చెప్పిందట... "కిందంతా మీ ఇష్టం. పైగదిలో మాత్రం కరెంటు వస్తువులు పెట్టకండి" అని. ఎందుకని అడిగితే మాట మార్చేసిందట. అసలు సంగతి చెప్పింది పక్కింటాయన. ఆ గదిలో ఒకరు రేడియో పెట్టుకుంటే పోయింది. ఇంకొకరి టేబుల్ ఫ్యాన్ మాడిపోయింది. ఆ తర్వాతాయన చిన్న టీవీ పెట్టుకుంటే వారం తిరక్కుండా పొగ వచ్చింది. వాళ్ళందరికంటే ముందు అక్కడ ఒక కుట్టుపనావిడ ఉండేది. రాత్రీ పగలూ మిషన్ టకటకలాడుతూనే ఉండేదట. ఒకరోజు ఆగింది. తలుపు తోసి చూస్తే ఆవిడ మిషన్ మీదే తల వాల్చి ఉంది... ఎప్పుడో ప్రాణం పోయింది.

ఇదంతా మా అక్క చెప్పగా విన్నదే, నేను చూసింది కాదు. మా బావ అయితే విని నవ్వేశాడు. ఆయనకి దెయ్యాలంటే భయం లేదు. ఉన్న భయమంతా పాత ఆఫీసులోని మేనేజరంటేనే.

మా బావది బిల్డింగుల బొమ్మలు గీసే పని. కట్టబోయేదాన్ని ముందే కంప్యూటర్లో కట్టేసి, మనం లోపల తిరుగుతున్నట్టు వీడియో చేసి చూపిస్తాడు. ఉద్యోగం మానేసి ఆ పైగదిలో సొంతంగా మొదలుపెట్టాడు. ఆరునెలలు చూడటం, కుదరకపోతే నోరు మూసుకుని వెనక్కి వెళ్ళిపోవడం... ఇదీ మా అక్కతో ఒప్పందం. గడువు ఇంకో వారం ఉందనగా మొదటి పెద్ద పని తగిలింది. పిల్లల ఆసుపత్రి. శుక్రవారం పొద్దున పదింటికి డాక్టర్ల ముందు వీడియో వెయ్యాలి. నచ్చిందా, పని ఈయనదే. లేదా, సోమవారం నుంచి మళ్ళీ పాత కుర్చీ.

అంత పెద్ద వీడియో పాత కార్డు వల్ల కాలేదు. కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చాడు. ఇటుకంత ఉంది, మూడు ఫ్యాన్లతో. బల్ల కింద చిన్న పీట మీద ఉండే కంప్యూటర్ పెట్టె విప్పి, కార్డు బిగించి, వీడియో మొదలుపెట్టి, మీసం దువ్వుకున్నాడు.

సరిగ్గా ఇరవై నిమిషాలకి... టప్.

తెర నల్లబడింది. పెట్టె ఆగిపోయింది.

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఇరవై నిమిషాలే. కార్డు ఊడదీసి రబ్బరుతో తుడిచి బిగించాడు. సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తగా వేశాడు. కేబుల్ మార్చాడు, ప్లగ్గు మార్చాడు. ఇరవై నిమిషాలు... టప్. ఐదున్నర నెలలు నోరెత్తకుండా పనిచేసిన పెట్టె, కావాలని పగబట్టినట్టు అదే నిమిషానికి చచ్చిపోతోంది.

పెట్టెని స్కూటర్ మీద ముందర నిలబెట్టుకుని షాపుకి మోశాడు. అక్కడ పొద్దున పెడితే సాయంత్రం దాకా ఆడింది.

"ఒక్కసారి కూడా ఆగలేదు సార్" అన్నాడు షాపతను.

"మా ఇంట్లో ఆగుతోందయ్యా."

"అయితే ఈసారి మీ ఇల్లు తీసుకురండి సార్, చూద్దాం."

ఆ మాటకి బావకి ఒళ్ళు మండిపోయింది. కానీ ఏం చేస్తాడు, నాలుగు రోజుల్లో నాలుగుసార్లు అతని ముందే నిలబడాల్సి వచ్చింది. లోపల కరెంటు పంచే డబ్బా కూడా పెద్దది వేయించాడు. షాపులో బుద్ధిగా ఆడుతుంది. ఇంటికి తెచ్చి, పీట మీద పెట్టి, కిందకెళ్ళి నాలుగు మెతుకులు తినొచ్చి ఆన్ చేస్తే... అదే ఇరవయ్యో నిమిషం. ఎలక్ట్రీషియన్ వచ్చి వైర్లన్నీ చూసి లక్షణంగా ఉన్నాయన్నాడు. బావ తిండి మానేశాడు, గడ్డం గీసుకోవడం మానేశాడు. పలకరిస్తే కరిచేలా ఉన్నాడని అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

గురువారం వచ్చేసింది. వీడియో తయారవడానికి తొమ్మిది గంటలు పడుతుంది. రాత్రి మొదలుపెట్టకపోతే ఇక లేనట్టే.

కరెంటు చాలడం లేదేమోనని చివరి ఆశ. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, అన్నీ ఆపించాడు. చీకటింట్లో ఆ పెట్టె ఒక్కటే బతికి ఉంది. బావ దాని ముందు కూర్చున్నాడు. అక్క గుమ్మంలో నిలబడింది.

పది నిమిషాలు... పదిహేను...

"ఆగకు... ఆగకు..." బావ గొణుగుతున్నాడు.

పద్దెనిమిది... పందొమ్మిది...

టప్.

కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. ఆ చీకట్లో, బల్ల కింద నుంచి... ఉస్స్‌మని ఎవరో నిట్టూర్చినట్టు చప్పుడు.

"విన్నారా?" అంది అక్క.

బావకి భయం వెయ్యలేదు. ఏడుపొచ్చింది. "ఏం కావాలి నీకు? నేనేం చేశాను?" అని చీకట్లోకి అడిగాడు. ఆ ఉక్రోషంలోనే పెట్టెని మేడ మీద నుంచి కిందికి విసిరేద్దామని వంగి, దాని అడుగున చెయ్యి పెట్టాడు.

చెయ్యి అలాగే ఉండిపోయింది.

వెచ్చగా ఉంది. మెత్తగా ఉంది. ఎవరో అప్పుడే లేచి వెళ్ళిన పక్కలా ఉంది.

"లైట్..." అన్నాడు.

అక్క ఫోన్ లైటు వేసింది. ఇద్దరూ పెట్టెని ఒక పక్కకి వంచి చూశారు.

గుడ్డ. పెట్టెకీ పీటకీ మధ్య పరిచినట్టు, నాలుగు పొరల మందపాటి గుడ్డ.

బావకి అప్పుడు వెలిగింది. కరెంటు డబ్బాకి ఫ్యాను ఉండేది అడుగునే. గాలి పీల్చుకోవాల్సింది కింద నుంచే. ఆ దారి మూసేస్తే ఊపిరాడక, వేడెక్కి ఆగిపోతుంది. పాత కార్డు కరెంటు తక్కువ తింటుంది కాబట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఎత్తేటప్పుడు గుడ్డ కిందకి జారిపోయేదేమో, షాపులో ఆడింది; ఇంటికి తెచ్చాక ఎవరో మళ్ళీ వేసేవారన్నమాట.

"మీ అమ్మ..." అన్నాడు పళ్ళు నూరుతూ.

మా అమ్మ వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఫ్రిజ్ మీద, మిక్సీ మీద, ఆఖరికి టీవీ రిమోట్ మీద కూడా ఏదో ఒక గుడ్డ కప్పితే గానీ ఆవిడకి నిద్ర పట్టదు. ఇంకెవరు చేస్తారు?

గుడ్డ లాగి పారేసి, పెట్టెని రెండు ఇటుకల మీద పెట్టాడు. ఇరవై నిమిషాలు దాటాయి. గంట దాటింది. తెల్లారింది. తొమ్మిదీ నలభైకి వీడియో పట్టుకుని పరిగెత్తాడు. మధ్యాహ్నానికల్లా డాక్టర్లు సరేనన్నారు. ఇంటికొస్తూనే అక్క చెయ్యి పట్టేసుకున్నాడట.

సాయంత్రం ఆ గుడ్డ తెచ్చి మా అమ్మ ముందు పెట్టాడు. కోపమంతా పోయి నవ్వుతున్నాడు కూడా.

"ఎంత పని చేశారు అత్తయ్యా. వారం రోజులు నన్ను చంపేశారు."

మా అమ్మ గుడ్డని కళ్ళ దగ్గర పెట్టుకుని, వేళ్ళతో అంచులు తడిమింది.

"నేనా బాబూ? మోకాళ్ళు పట్టేసి నేను మెట్లెక్కి ఏడాదైంది కదా" అంది. "అయినా సూదిలో దారమే ఎక్కించలేను, ఇంత సన్నటి కుట్టు నాకెక్కడిది? ఇదిగో, మూలల్లో కాజాలు కూడా కుట్టి ఉన్నాయి."

అప్పుడు చూశారు. నాలుగు మూలల్లో నాలుగు కాజాలు. పెట్టె కాళ్ళు నాలుగూ ఒక్కోదాంట్లో సరిగ్గా దూరేలా, కొలత తీసి కుట్టినవి.

బావ లేచి మేడెక్కాడు. లోపలికి వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడి, ఖాళీ గదితో మెల్లగా అన్నాడు.

"కొలత బాగానే ఉందమ్మా. తప్పు నీది కాదు... కానీ దానికి గాలి కావాలి."

మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే ఇటుకలు గోడ పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పెట్టె పీట మీద ఉంది. కింద మళ్ళీ గుడ్డ. అదే సన్నటి కుట్టు, అవే నాలుగు కాజాలు. కానీ ఈసారి గుడ్డ నిండా సన్నటి కన్నాలు.

బావ ఇంకా దాన్ని ముట్టుకోనేలేదు, కింద నుంచి మా అమ్మ గొంతు వినిపించింది.

"ఏమే... నా దోమతెర ఎవరే కత్తిరించింది?"