అసిరినాయుడి రెండో కాలేయం

2079 నాటికి సాగరతీర కాలేయ చికిత్సాలయంలో రోగిని చూడ్డానికి వచ్చినవాళ్ళు రెండుసార్లు పలకరించేవారు. ఒకసారి మంచం మీది మనిషిని, ఇంకోసారి మంచం పక్కనున్న గాజుగొట్టాన్ని. అసిరినాయుడి భార్య గున్నమ్మయితే ఆ గొట్టానికి కాటుకతో దిష్టిచుక్క కూడా పెట్టింది.

గొట్టంలో ఉన్నది అసిరినాయుడి కాలేయమే. కాన్సర్ గడ్డతో సహా చిటికెడు ముక్క తీసి, కృత్రిమ రక్తంలో పెంచిన జీవకణజాలం. దాన్ని సాక్షికాలేయం అనేవారు. కేస్‌షీటులో ఏ మందు నమోదైతే ఆ మందు, అదే నిష్పత్తిలో, చుక్కలు చుక్కలుగా దానికీ చేరుతుంది. మంచం మీది కాలేయం, గొట్టంలోని కాలేయం ఒకేలా ఉంటే రోగి నిజం చెబుతున్నాడని అర్థం. తేడా వస్తే చాటుగా ఏదో తాగాడన్నమాట.

దాన్ని కనిపెట్టింది అక్కడే పనిచేసే డాక్టర్ తరళ. పసరు తాగి తాగలేదని బొంకే రోగుల వల్ల వైద్యులకు చెడ్డపేరు వస్తోందని అప్పట్లో ఆమె గట్టిగా నమ్మింది. ప్రభుత్వమూ ఆ మాట నమ్మే మంజూరు చేసింది. రోగులు తప్ప ఇంకెవరూ అబద్ధమాడరని అంతమంది చదువుకున్నవాళ్ళు ఎలా అనుకున్నారో, తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ చికిత్సాలయంలో చైనా సంప్రదాయ వైద్యం కూడా చేసేవారు. చెంగ్డూ నుంచి వచ్చిన డాక్టర్ మెయ్ రుయి చైహూ అనే చైనా మూలిక వేరు, అతిమధురం, ఇంకో ఏడు దినుసులు కలిపి కాచిన కషాయం ఇచ్చేది. కాన్సర్ మాయమైపోతుందంటూ సీసాలమ్ముకునే ప్రబుద్ధులు ఊరి నిండా ఉన్నారు. ఆమె వాళ్ళలాంటిది కాదు.

"నా కషాయం గడ్డను కరిగించదు. వాంతులు తగ్గిస్తుంది, అన్నం తిననిస్తుంది. కానీ ఇది తాగేవారి కాలేయంలో కీమో మందు ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. అందుచేత కీమో సగం మోతాదే ఇవ్వవలెను" అని మొదటి రోజే, పుస్తకంలో నేర్చుకున్న తెలుగులో, అందరి ముందూ చెప్పింది.

కీమో ఇచ్చే డాక్టర్ ధీరేంద్ర నవ్వాడు. "వేడినీళ్ళకు ఇంత హడావుడా?" అన్నాడు.

మూడు వారాలు తిరిగేసరికి అసిరినాయుడి కళ్ళు పసుపుపచ్చగా మారాయి. పొట్ట ఉబ్బింది. పోర్టులో క్రేన్లు బాగుచేసిన మనిషి, గ్లాసు ఎత్తలేకపోయాడు. గొట్టంలోని కాలేయం మాత్రం నిక్షేపంగా ఉంది.

విచారణ సంఘం వార్డుకే వచ్చింది. అయిదుగురూ పెద్ద డాక్టర్లే.

"ఆ చైనా కషాయమే కాలేయాన్ని తినేసింది. దాన్ని నిషేధించి, ఆవిణ్ణి పంపించెయ్యండి" అన్నాడు ధీరేంద్ర.

"అదే కషాయం సాక్షీ తాగింది కదా. అది బాగానే ఉందే?" అంది తరళ.

"అయితే వీడు ఇంకేదో పసరు తాగుంటాడు. ఈ జనం సంగతి తెలిసిందేగా!"

అసిరినాయుడు మోచేతుల మీద లేవబోయాడు. "నానేటి దాసేను బాబూ? పండక్కి అరగ్లాసుడు కల్లు తాగినదీ సెప్పేసినాను గదా!"

"మా ఇంట్లో అబద్ధాలాడీవోల్లు నేరు" అంది గున్నమ్మ.

ధీరేంద్ర చేతిలోని ఎలక్ట్రానిక్ పలక మీద కేస్‌షీటు తెరిచి ఏదో రాశాడు. "కషాయం రోజుకు నాలుగింతలు తాగాడని నేను నమోదు చేస్తున్నాను. వైద్యుడిగా నా అంచనా అది."

సాక్షికాలేయాలకు మందులు చేర్చే యంత్రం మాట్లాడింది. "కొత్త నమోదు అందింది. అదనపు గొట్టంలో ఇదే కాలేయపు ఇంకో ముక్క మీద మూడు వారాల కాలాన్ని నలభై నిమిషాల్లో నడుపుతున్నాను."

అందరూ కూర్చుని చూశారు. నాలుగింతల కషాయం తాగిన ఆ ముక్క రంగు మారలేదు.

"ఇప్పుడు మరో ముక్కకు కషాయం మామూలుగానే ఉంచి కీమో పూర్తి మోతాదు ఇవ్వు" అంది తరళ.

మళ్ళీ నలభై నిమిషాలు. ముక్క పచ్చబడింది, అంచులు నల్లబడ్డాయి. "మంచం మీది కాలేయంతో నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు సరిపోయింది" అంది యంత్రం.

మెయ్ రుయి ధీరేంద్ర వైపు తిరిగింది. "సగమని వ్రాసి పూర్తిగా ఇచ్చినారా?"

"గడ్డ తొందరగా కరుగుతుందని ఇచ్చాను. మీ కషాయం ఏమీ చెయ్యదనుకున్నాను!"

"ఏమీ చెయ్యదన్నదీ మీరే, మనిషిని చంపుతోందన్నదీ మీరే!" తరళ అరిచింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు మీరు చేసి కషాయం మీద తోస్తారా? ఒక్క నోటితో రెండు మాటలాడ్డానికి సిగ్గుగా లేదూ?"

సంఘం అధ్యక్షుడు గొంతు సవరించుకుని, "ఆవేశపడకండమ్మా" అన్నాడు.

"అయితే మిగతా పడకలు కూడా చూద్దాం" అంది తరళ. " ఈ వార్డులో ఇంకా నలభై సాక్షులున్నాయి. మీ రోగులవి కూడా ఉన్నాయి."

ఆ మాటతో అయిదుగురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు. భోజనానికి వేళయిందంటూ లేచిపోయారు.

సాయంత్రానికి తీర్మానం వచ్చింది. తరళ దాన్ని రెండుసార్లు చదివింది. 'రోగుల అసత్యాలను కనిపెట్టుటకు మంజూరైన యంత్రమును వేరొక పనికి వాడరాదు. సాక్షికాలేయములన్నిటినీ రేపటిలోగా తొలగించవలెను. చైనా కషాయము నిలిపివేయవలెను. డాక్టర్ ధీరేంద్ర చికిత్సను యథాతథముగా కొనసాగించవలెను.' కింద అయిదు సంతకాలు, ఒక్కటి కూడా తగ్గలేదు.

ఆ యంత్రాన్ని కనిపెట్టినందుకు తనను తానే తిట్టుకుంటూ ఆ కాగితాన్ని అసిరినాయుడికి చదివి వినిపించింది. ఆయనకు చెప్పకుండా దాచడం కూడా అబద్ధమే అనిపించింది. ఇంకో ఆసుపత్రికి తీసుకెళతానంది, కోర్టుకెక్కుతానంది. ఆయన కళ్ళు మూసుకుని అంతా విన్నాడు.

"ఆ గాజులోది పారేత్తారా అమ్మా?"

"రేపు తీసేస్తారట."

"పారీకండి. మా గున్నమ్మకి ఇచ్చీండి" అన్నాడు అసిరినాయుడు. "అదీ నానే గదా. దానికి మీరు రాసిందే పోసినారు, అందుకే బతికుంది."